మలేరియా వైరస్ కాదు. ఏ మలేరియానో రిపోర్టులో రాయాలి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో వానాకాలం జ్వరాల మీద పెద్ద వార్త వేశారు. వేయాల్సిందే, కాదనను. కానీ హెడ్డింగులో ‘పంజా విసురుతున్న మలేరియా వైరస్’ అని ఉంది. రెండో పేరాకు వచ్చేసరికి అది ‘మలేరియా బ్యాక్టీరియా’ అయింది. చివర్లో ‘మలేరియా పురుగు’. ఒక్క వార్తలోనే దానికి మూడు ఇంటిపేర్లు పెట్టారు. పక్కన వేసిన దోమ ఫొటోకూ వార్తకూ సంబంధమే లేదు. నల్లటి ఒంటి మీద చారలు, కాళ్లకు తెల్ల పట్టీలు ఉన్న ఆ దోమ ఏడిస్. డెంగీని, చికున్‌గున్యాను మోసేది. మలేరియాను మోసే అనాఫిలిస్‌కు రెక్కల మీద మచ్చలుంటాయి. గోడ మీద వాలితే తల కిందికి వంచి, వెనక భాగం పైకి లేపి ఏటవాలుగా కూర్చుంటుంది. ఒకసారి గుర్తు పడితే ఇక మరిచిపోయేది కాదు. ఈ రెండిటికీ సవరణ వేస్తే సంతోషం.

“పేపరోళ్లతో మీకెందుకీ లొల్లి, ఒక అక్షరం తప్పుపడితే లోకం మునుగుతదా” అని మా ఇంటావిడ అంటూనే ఉంది. అక్షరం తప్పయితే నేనూ ఊరుకునేవాణ్ణి. కానీ ఈ గందరగోళం పేపరు దగ్గర ఆగడం లేదు. మా ఊళ్లలో ల్యాబు రిపోర్టుల దాకా, అక్కణ్నుంచి రోగి మింగే గోళీల దాకా వెళ్తోంది. అందుకే ఉత్తరం కొంచెం పొడుగైనా ఓపిక పట్టమని మనవి.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. దేవరకొండ, చందంపేట, డిండి వైపు తండాల నుంచి, ఆ తర్వాత అచ్చంపేట, అమ్రాబాద్ వైపు ఊళ్ల నుంచి, చెంచుపెంటల నుంచి వచ్చిన రక్తపు స్లైడ్లు చూడటంతోనే నా సర్వీసంతా గడిచింది. డాక్టర్ని కాను. కాబట్టి వైద్యం చెప్పడానికి రావడం లేదు. మైక్రోస్కోపులో కన్ను పెట్టి ఏం చూశానో అది మాత్రమే చెప్పగలను.

వైరస్‌కు అసలు కణమే లేదు. మా దగ్గరుండే మామూలు మైక్రోస్కోపులో అది కనబడదు కూడా. బ్యాక్టీరియాకు కణం ఉంది కానీ కేంద్రకం లేదు. మలేరియా తెచ్చే ప్లాస్మోడియం ఒకే కణంతో బతికే జీవి. ఆ కణంలో మాత్రం కేంద్రకం ఉంది, మన కణంలో ఉన్నట్టే. ఆ లెక్కన అది బ్యాక్టీరియాకు కాదు, మనకే దగ్గరి చుట్టం. దాన్ని చంపి మనల్ని ముట్టని మందు దొరకడం కష్టమయ్యేది కొంత ఇందువల్లే. ‘వైరల్ ఫీవర్, మూడు రోజులకు అదే పోతది’ అని జనం చెప్పుకునే మాట డోలో గోళీతో సరిపెట్టుకునే జ్వరాలకు సరే. మలేరియాకు కూడా వైరస్ అని పేరు పెడితే ఆ మూడు రోజుల ధీమా దానికీ అంటుకుంటుంది. మలేరియాల్లో ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం అయితే ఆ మూడు రోజుల్లోనే మనిషి చేయిదాటిపోవచ్చు.

మేం చదువుకున్న రోజుల్లో జంతుశాస్త్రం పుస్తకంలో దీన్ని ప్రోటోజోవా వర్గం, స్పోరోజోవా తరగతి కింద బట్టీ పట్టించారు. ఇప్పుడా గదులు మారిపోయాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక చూస్తే ఈ జీవుల కణానికి ముందు కొనలో ఒక ప్రత్యేకమైన అమరిక కనబడింది. ఎర్ర రక్తకణాన్ని పట్టుకుని లోపలికి దూరేది ఆ కొనతోనే. అది ఉన్నవాటన్నిటినీ ఒకచోట చేర్చి 1970లో లెవిన్ అనే శాస్త్రవేత్త ఎపికాంప్లెక్సా అనే వర్గం పేరు పెట్టాడు. కాబట్టి ఇప్పటి లెక్కలో దీని వర్గం ఎపికాంప్లెక్సా, క్రమం హీమోస్పోరిడా, కుటుంబం ప్లాస్మోడిడే, ప్రజాతి ప్లాస్మోడియం. మనిషికి సోకే జాతులు ఐదు. వాటి సంగతి కిందికి వస్తుంది.

ఇదంతా పరీక్షలు రాసే పిల్లల గొడవ అనుకోవద్దు. ఎపికాంప్లెక్సా మన దక్షిణ తెలంగాణ రైతుకు బాగా పరిచయమున్న వర్గమే, పేరు తెలియదంతే. కోళ్ల ఫారం నడిపే ఎవరినైనా ‘కాక్సీ’ అంటే ఏమిటో అడగండి. షెడ్డులో కింద పరిచిన పొట్టు తడిసిందంటే చాలు, కోడిపిల్లలు రెక్కలు వాల్చి, నెత్తురు రెట్ట వేస్తూ వరసబెట్టి చస్తాయి. దానికి కారణం ఐమీరియా, ఈ వర్గంలోదే. జెర్సీ ఆవులకు పిడుదుల వల్ల వచ్చే థైలీరియా, ఎర్రమూత్రం పోయించే బెబీసియా, రెండూ ఈ వర్గంలోవే. పశువుల డాక్టరు ఆవు చెవి దగ్గర నెత్తురు చుక్క తీసి స్లైడు చేస్తాడు, మేం మనిషి వేలి దగ్గర తీస్తాం. పని దాదాపు ఒకటే. బెబీసియా ఉంగరాలు చూస్తే ఫాల్సిపారం ఉంగరాలే అనిపించేంత పోలిక. తేడా ఎక్కడంటే, ప్లాస్మోడియం మన ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్‌ను తిని, అరగని ఇనుప భాగాన్ని గోధుమ-నలుపు రంగు రేణువులుగా మిగులుస్తుంది. హీమోజోయిన్ అంటారు. బెబీసియాకు ఆ మసి ఉండదు. ఈ మసిని గుర్తు పెట్టుకోండి, సికింద్రాబాద్ దగ్గర మళ్లీ దీనితో పని పడుతుంది.

వర్గీకరణలో నాకు అన్నిటికంటే వింతగా తోచేది ఇంకొకటుంది. ప్లాస్మోడియం కణంలో నాలుగు పొరలున్న చిన్న సంచి ఒకటి ఉంటుంది, ఎపికోప్లాస్ట్ అని. దీని పూర్వీకులు ఎప్పుడో కోట్ల ఏళ్ల కింద ఒక ఎర్ర నాచును మింగి లోపల దాచుకున్నాయి. ఆ నాచులో మిగిలిన ముక్క అది. ఆకుల్లో పచ్చదనాన్ని పెట్టుకునే క్లోరోప్లాస్టుకు వరసైనది. మనిషి నెత్తురులో ఎండ ఎక్కడిది? కాబట్టి ఎండతో ఆహారం చేసుకునే పని ఎప్పుడో మానేసింది. అయినా అది చేసిపెట్టే కొన్ని పదార్థాలు లేనిదే పరాన్నజీవి బతకలేదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మలేరియా మీద పనిచేసేది ఈ సంచి మీద దెబ్బ కొట్టే. క్లోరోప్లాస్టులన్నిటి మూలం ఒక రకం బ్యాక్టీరియా కాబట్టి బ్యాక్టీరియా మందు దానికి తగులుతుంది. మీ రిపోర్టరు ఈ పేరా చదివి ‘నేను బ్యాక్టీరియా అని రాసింది నిజమే కదా’ అనకుండా ఉంటే చాలు.

1880 నవంబరు 6న అల్జీరియాలోని కాన్‌స్టాంటైన్ సైనికాసుపత్రిలో ఫ్రెంచి సైనిక డాక్టరు లావెరాన్ ఒక రోగి రక్తం చూస్తూ, ఆ మసి రేణువులున్న గుండ్రటి వస్తువు నుంచి సన్నటి తోకలు కొట్టుకుంటూ బయటికి రావడం గమనించాడు. ఇది బతికున్న జీవి అన్నాడు. అప్పట్లో మలేరియాకు ఫలానా బ్యాక్టీరియా కారణమని ఇటలీలో గట్టిగా వాదించేవాళ్లున్నారు, కాబట్టి ఆయన మాట తొందరగా ఎవరికీ ఎక్కలేదు. ప్లాస్మోడియం అన్న పేరు 1885లో ఇటలీ వాళ్లు మార్కియఫావా, చెల్లి పెట్టిందే. అంటే మలేరియా బ్యాక్టీరియా కాదన్న సంగతి తేలి నూట నలభై ఏళ్లు దాటింది. మీ వార్తలో ఇంకా తేలలేదు.

1897 ఆగస్టు 20న బ్రిటిష్ సైనిక డాక్టరు రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్ బేగంపేటలో చేసిన పని గురించి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చి, ఆ దోమల పొట్టలు కోసి చూశాడు. పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటి లోపల మసి. రాస్‌కు అంత ధైర్యం ఇచ్చింది ఆ మసే. రోగి నెత్తురులో లావెరాన్ చూసిన అదే నల్ల రేణువు దోమ పొట్టలో దొరికితే, అక్కణ్నుంచి ఇక్కడికి వచ్చింది ఒకే జీవి అని తేలిపోయినట్టే. విచిత్రమేమిటంటే తాను కోసిన దోమ ఏ జాతో రాస్‌కు తెలియదు. రెక్కల మీద మచ్చలున్న దోమ అని వర్ణించి ఊరుకున్నాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది. హైదరాబాద్ పోయినప్పుడు మన పిల్లలకు చార్మినార్, జూపార్కు చూపిస్తాం, దాన్ని మాత్రం చూపించం.

ఇక ఐదు జాతులు. ఫాల్సిపారం, వైవాక్స్, మలేరియే, ఓవేల్, నోలెసి. మన దేశంలో లెక్కకు వచ్చేవి ప్రధానంగా మొదటి రెండే. ఓవేల్ ఎక్కువగా ఆఫ్రికాది. నోలెసి కోతులది. 1930ల మొదట్లో కలకత్తాలో దాని మీద పని చేసిన నోల్స్ పేరు దానికి పెట్టారు. మలేషియాలోని సరావాక్‌లో అది అడవి పక్క మనుషులకు పెద్ద ఎత్తున సోకుతోందని 2004లో గానీ బయటపడలేదు. అంతకు ముందు స్లైడ్లు చూసినవాళ్లు దాన్ని ‘మలేరియే’ జాతి అని రాసేస్తూ వచ్చారు. ఆకారం అంత దగ్గర. డీఎన్ఏ పరీక్ష చేశాక తేడా తేలింది. మలేరియే జాతి నెమ్మదిగా నడుస్తుంది, జ్వరం 72 గంటలకోసారి. నోలెసికి 24 గంటలే. పేర్లు కలిసిపోతే ఎంత నష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన ఊరి ముసలివాళ్లు ‘దినం విడిచి దినం చలిజ్వరం’ అనేది వైవాక్స్‌కు సరిగ్గా సరిపోతుంది. 48 గంటలకోసారి ఎర్ర రక్తకణాలు పగిలి కొత్త పిల్లలు బయటికి వస్తాయి, అప్పుడే వణుకు. కానీ మొదటి వారంలో జ్వరం ఈ పద్ధతి పాటించదు, ఫాల్సిపారం అయితే ఎప్పుడూ పెద్దగా పాటించదు. జ్వరం గడియారం చూసి జాతి చెప్పే రోజులు పోయాయి.

స్లైడు మీద ఎలా ఉంటుందో కొంచెం చెప్తాను, ఇది నా ఇష్టమైన భాగం. ఒకే గాజు పలక మీద రెండు పూతలు తీస్తాం. ఒకటి మందపు చుక్క, ఒకటి పలచటి పూత. మందపు చుక్క నీళ్లలో ముంచితే ఎర్రదనం వదిలిపోతుంది, పలచటిదాన్ని స్పిరిట్ తగిలించి గట్టి పరుస్తాం. జె.ఎస్.బి. అని మన దేశం వాళ్లు తయారు చేసిన రంగు ఉంది, జస్వంత్ సింగ్, భట్టాచార్జీల పేర్ల మీద. ఎర్ర రంగులో ఇలా ముంచి అలా తీసి, కడిగి, నీలం రంగులో అరనిమిషం పైన ఉంచి, మళ్లీ కడిగి, స్టాండులో ఆరబెడతాం. రంగు కడిగే నీళ్లు బాగా లేకపోతే స్లైడంతా పాడవుతుంది. మా నల్గొండ నీళ్ల సంగతి మీకు తెలిసిందే కదా. ఆరాక నూనె చుక్క వేసి పెద్ద లెన్సు దించుతాం. మందపు చుక్కలో ఉందో లేదో తెలుస్తుంది, పలచటి పూతలో ఏదో తెలుస్తుంది. వంద ఫీల్డులు చూడకుండా ‘లేదు’ అని రాయకూడదు. వానాకాలంలో స్లైడ్లు కట్టలు కట్టలుగా వచ్చినప్పుడు ఆ వంద దగ్గరే మనిషి ఓపిక బయటపడుతుంది.

వైవాక్స్ సోకిన ఎర్ర రక్తకణం పక్కవాటికంటే ఉబ్బి పెద్దగా కనబడుతుంది, కణమంతా సన్నటి గులాబీ చుక్కలు చల్లినట్టుంటుంది. షుఫ్‌నర్ చుక్కలు అంటారు. అందులో ఉంగరం, ముదిరి వంకరటింకరగా పాకేది, పిల్లల గుత్తి, అన్ని దశలూ ఒకే స్లైడులో దొరుకుతాయి. ఫాల్సిపారంలో కణం ఉబ్బదు. సన్నటి ఉంగరాలు, ఒక్కోసారి ఒకే కణంలో రెండు మూడు, ఒకటి కణం అంచుకు అతుక్కుని. కొన్నిటికి రెండు ఎర్ర చుక్కలు. ముదిరినవి మాత్రం కనబడవు. ఎందుకంటే అవి ఉన్న రక్తకణాలు మెదడు, మూత్రపిండం, గర్భిణి మాయలోని సన్నటి రక్తనాళాల గోడలకు అతుక్కుపోయి ఉంటాయి. వేలి చుక్కలో కనబడే ఉంగరాలు కొన్నే అయినా లోపల దాక్కున్న సంఖ్య వేరు. రోగి మాట తడబడి, మూర్ఛ వచ్చేది అందుకే. ఇంకో పది రోజులకు స్లైడులో నెలవంకలు కనబడతాయి, దోమ లోపలికి పోవడానికి సిద్ధంగా ఉన్న ఆడ మగ రూపాలు. ఆ నెలవంక చూశాక ఇక అనుమానం అక్కర్లేదు. అందుకే వర్గీకరణలో కూడా ఫాల్సిపారాన్ని లావెరేనియా అనే ఉపప్రజాతిలో విడిగా పెట్టారు. దాని దగ్గరి చుట్టాలు ఆఫ్రికాలో గొరిల్లాల్లో, చింపాంజీల్లో ఉన్నాయి. వైవాక్స్ చుట్టాల్లో మన ఆసియా కోతులవి చాలా ఉన్నాయి. ఇద్దరూ మలేరియా అనే ఒకే ఇంట్లో ఉంటారు గానీ అన్నదమ్ములు కారు.

ఇప్పుడు అసలు విషయం. మా వాడకట్టులో ఒక పిల్లగాడు గుంపుమేస్త్రీ వెంట ఛత్తీస్‌గఢ్ వైపు సొరంగం పనికి పోయి బతుకమ్మ పండుగకు ఇంటికి వచ్చాడు. సద్దుల నాడే చలి పట్టింది. పట్నంలో ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం ఇచ్చారు. రిపోర్టు నాకు చూపించారు: ‘ఎం.పి. పాజిటివ్’ (అంటే మలేరియా పరాన్నజీవి ఉందని), కింద ‘వైడాల్ పాజిటివ్’ (అది టైఫాయిడ్‌కు చేసే రక్తపరీక్ష). అంతే. ఏ జాతో లేదు. స్లైడు చూశారా, రక్తపు చుక్క వేస్తే గీతలు పడే కార్డు టెస్టు చేశారా అన్నది లేదు. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించారు, టైఫాయిడ్‌కు సూదులు వేశారు, మలేరియాకు మూడు రోజులు క్లోరోక్విన్ గోళీలు ఇచ్చారు. జ్వరం తగ్గింది. బిల్లు మాత్రం తగ్గలేదు.

సంక్రాంతి ముందర మళ్లీ అదే వణుకు. తల్లి దిష్టి తీసింది, ఎర్రనీళ్లు తిప్పి పోసింది. “అన్నా, ఈ చలికి దోమ ఒక్కటి లేదు, మళ్ల మలేరియా ఎక్కడిదే?” అని అడిగింది. సరైన ప్రశ్న. దోమ కొత్తగా కుట్టలేదు. దోమ కుట్టినప్పుడు ఎక్కిన పరాన్నజీవులు ముందు కాలేయంలోకి పోతాయి. ఫాల్సిపారం అక్కడ ఒక వారం ఉండి మొత్తం రక్తంలోకి వచ్చేస్తుంది. వైవాక్స్‌లో మాత్రం కొన్ని కాలేయంలోనే నిద్రపోయి నెలల తర్వాత లేస్తాయి. హిప్నోజోయిట్లు అంటారు, 1980 ప్రాంతంలో గానీ శాస్త్రవేత్తల కంట పడలేదు. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటిని చంపుతుంది, నిద్రపోయేవాటిని ముట్టదు. వాటికి ప్రైమాక్విన్ కావాలి, పద్నాలుగు రోజులు. రిపోర్టులో వైవాక్స్ అని ఉంటే ఆ గోళీలు మొదటిసారే ఇచ్చేవాళ్లు. ‘పాజిటివ్’ అన్న ఒక్క మాట చూసి ఎవరు ఇస్తారు?

ప్రభుత్వ ఆసుపత్రికి పంపాను. స్లైడు తీశారు, ‘పి.వి.’ అని, అంటే ప్లాస్మోడియం వైవాక్స్ అని రాశారు. డాక్టరమ్మ ప్రైమాక్విన్ మొదలుపెట్టే ముందు ఇంట్లో ఎవరికైనా గోళీలు పడక మూత్రం నల్లగా పోయిందా అని అడిగిందట. ఆ ప్రశ్న చాలా ముఖ్యం. జి6పిడి అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువున్నవాళ్లకు ఈ గోళీ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. గర్భిణులకు, ఏడాది లోపు పసిపిల్లలకు ఇవ్వరు. ఫాల్సిపారం అయితే లెక్కే వేరు. ఆర్టిసునేట్ కలిసిన మందులు మూడు రోజులు, నెలవంకలను చంపడానికి ప్రైమాక్విన్ ఒక్క మోతాదు. జాతి పేరు తెలియకుండా ఇందులో ఏది ఇవ్వాలో ఎలా తేలుస్తారు?

‘టైఫాయిడ్, మలేరియా రెండూ కలిసి ఉన్నయంట’ అన్న మాట మా వైపు ఇంటింటా వింటాం. రెండూ కలిసి రావడం అసాధ్యం కాదు. కానీ వైడాల్ పరీక్ష ఎప్పుడో పాత టైఫాయిడ్ వచ్చి ఉన్నా, టీకా వేసుకున్నా, వేరే జ్వరాల్లో కూడా కొంచెం పాజిటివ్ చూపిస్తుంది. ఒక్కసారి చేసిన వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చడం ల్యాబుకూ సూదులేసేవాళ్లకూ లాభం, రోగికి కాదు.

కార్డు టెస్టు మంచిదే, మైక్రోస్కోపు లేని తండాల్లో ఆశా కార్యకర్త చేతిలో అదే ఆయుధం. మూడు చోట్ల గీతలు పడతాయి: ఒకటి కార్డు సరిగా పనిచేసిందని, ఒకటి ఫాల్సిపారంకు, ఒకటి వైవాక్స్‌కు. జాతి కార్డు మీదే కళ్ల ముందు ఉంటుంది. అయినా రిపోర్టులో రాయకపోవడానికి బద్ధకం తప్ప కారణం నాకు కనబడదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఫాల్సిపారం గీత మందు వాడి తగ్గాక కూడా కొన్ని వారాలు పడుతూనే ఉంటుంది. దాన్ని చూసి మళ్లీ మందులు మొదలుపెట్టొద్దు, స్లైడు చూపించుకోవాలి.

స్వాతంత్ర్యం వచ్చిన నాడు దేశంలో ఏడాదికి ఏడున్నర కోట్ల మందికి మలేరియా, 8 లక్షల చావులు అని అంచనా వేశారు. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై, ఊరూరా డీడీటీ కొట్టి, 1960ల మొదట్లో కేసులను లక్ష లోపుకు దించారు. అయిపోయింది అనుకున్నారు. 1976 నాటికి 64 లక్షలు. ఇప్పుడు 2027 కల్లా స్థానికంగా కేసు పుట్టకూడదని, 2030 కల్లా నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకున్నారు. కేసులు తక్కువైనప్పుడే జాతి రాయడం ఇంకా అవసరం. ఊళ్లో దొరికిన ఒక్క ఫాల్సిపారం ఇక్కడి దోమ వల్ల వచ్చిందా, పనికి పోయినచోట ఎక్కి వచ్చిందా అని వెనక్కి లెక్కకట్టడానికి మొదటి ఆధారం రిపోర్టులో ఫాల్సిపారంకు రాసే ‘పి.ఎఫ్.’ అన్న ఆ రెండక్షరాలే.

పాలమూరు లేబరు కట్టని ప్రాజెక్టు దేశంలో లేదని గొప్పగా చెప్పుకుంటాం. వాళ్లు కాలువ గట్ల మీద, సొరంగాల పక్కన, దోమతెర లేని గుడిసెల్లో పడుకుంటారు. ఎక్కడి ప్లాస్మోడియం అయినా వాళ్లతో బస్సెక్కి అచ్చంపేట, కొల్లాపూర్, దేవరకొండ చేరగలదు. ఇక్కడ దాన్ని అందుకోవడానికి పల్లెల్లో క్యూలిసిఫేసిస్ అనే అనాఫిలిస్ ఉంది, పట్నాల్లో మూతలేని ట్యాంకుల్లో పెరిగే స్టెఫెన్సీ ఉంది.

మీ పత్రిక ద్వారా జిల్లా వైద్యాధికారులను రెండు కోరుతున్నాను. ప్రైవేటు ల్యాబుల మలేరియా రిపోర్టులో స్లైడా కార్డా అన్నదీ, పి.ఎఫ్., పి.వి., రెండూ, వేరేవి అన్న గడులూ తప్పనిసరి చేయండి. గడి ఖాళీగా ఉన్న రిపోర్టు తిప్పి పంపండి. రెండోది, జ్వరాల సర్వే ఎప్పుడూ వానాకాలంలోనే పెడతారు. లేబరు ఊరికి తిరిగొచ్చేది పీర్ల పండుగకు, బతుకమ్మకు, సంక్రాంతికి, ఉగాదికి. ఆ వారాల్లో ఏఎన్ఎం, ఆశాలు వలస ఇళ్లకు పోయి, జ్వరం ఉన్నా ఈ మధ్య వచ్చి పోయినా స్లైడు తీసుకుంటే వానాకాలం మొత్తం చేసే సర్వే కంటే ఎక్కువ దొరుకుతాయి. స్లైడు చూసే టెక్నీషియన్ పోస్టులు చాలాచోట్ల ఖాళీగా ఉన్నాయి, ముందు అవి నింపితే ఈ రెండూ సాగుతాయి. కావాలంటే కొత్తగా చేరిన పిల్లలకు పలచటి పూత ఎలా తీయాలో వచ్చి చూపించడానికి నేను సిద్ధమే. బస్సు చార్జీ కూడా అడగను.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
దేవరకొండ, నల్గొండ జిల్లా.